కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది?

మనిషి తనకు పుట్టుకతో వచ్చిన రూపాన్ని డబ్బిచ్చి మార్పించుకోవడం తప్పా, కాదా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోనుంచి రాలేదు, తరగతి గదిలోనుంచి వచ్చింది. అందుచేత అక్కడినుంచే మొదలుపెడతాను.

మాది వీరపునాయునిపల్లె. ప్రొద్దుటూరులో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. పోయిన ఏడు బి.ఏ. పిల్లలకు మనుచరిత్రలో మాయాప్రవరుని ఘట్టం చెబుతున్నాను. పెద్దనకు రాయలు ఇచ్చిన అగ్రహారాల్లో ఒకటైన కోకటం మా కమలాపురం ప్రాంతంలోనే ఉన్నది గనుక, ఆ కావ్యం చెప్పేటప్పుడు నాకు సొంతూరి గర్వం కూడా కొంచెం ఉంటుంది. కథ అందరికీ తెలిసిందే. వరూధిని ప్రవరుణ్ణి వలచింది, అతడు కాదని వెళ్ళిపోయాడు. అంతకుముందే ఆమెను కోరి కాదనిపించుకున్న గంధర్వుడొకడు, ఇదే అదునని ప్రవరుని రూపం ధరించి వచ్చి ఆమెను పొందాడు. ఇది మోసమా కాదా అని పిల్లల్ని అడిగాను. మగపిల్లలు నవ్వి, ముమ్మాటికీ మోసమేనన్నారు. ఆడపిల్లలు కూడా అదే అన్నారు. నేను కూడా అదే చెప్పి పాఠం ముగించాను.

గంట కొట్టిన తరువాత ఒక అమ్మాయి అధ్యాపకుల గదికి వచ్చింది. మా ఊరికీ పులివెందులకూ మధ్య ఒక పల్లె ఆమెది. తండ్రి నాపరాళ్ళ పనికి పోయే కూలీ. బాగా చదువుతుంది గాని, నవ్వు వచ్చినప్పుడల్లా చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు. మా వైపు గారపండ్లు అంటారు. ఆమె అడిగింది: "సార్, గంధర్వునికి తన రూపం బాగానే ఉండాది. అయినా మార్చుకున్యాడు. నాది బాగలేదని అందరూ అంటాండారు. నేను బాగు చేయించుకుంటే అది గూడా మోసమేనా?"

అప్పటికి రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయట. ముందుపళ్ళకు తెల్లని తొడుగులు వేయిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారట. వాళ్ళ నాన్న అప్పుకోసం తిరుగుతున్నాడు. నేను చెప్పవలసిందంతా చెప్పాను. అందం మనసులో ఉంటుందమ్మా అన్నాను. చదువుకో, ఉద్యోగం తెచ్చుకో, పళ్ళు చూసి కాదనేవాడు నీకెందుకమ్మా అన్నాను. ఆమె ఓపికగా విన్నది. విని, "మీరు చెప్పేది నిజమే సార్. అయితే మీ ఇండ్లల్లో గూడా పండ్లు సూసే కదా పిల్లను ఒప్పుకునేది" అన్నది.

ఆమె లోకాన్ని గురించి అన్న మాట అది. నాకు మాత్రం మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. దాన్ని దాచను గాని, ఇక్కడ చెబితే విషయం నా పశ్చాత్తాపంగా మారిపోతుంది. ముందు విషయం చూద్దాం.

గత పదిపదిహేనేళ్ళలో తెలుగువాళ్ళ మధ్య జరిగిన మూడు సంఘటనలు తీసుకుంటాను. "నువ్వు నాకు నచ్చావ్" సినిమాతో 2001లో తెలుగు ప్రేక్షకులకు దగ్గరైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్ళకే మరణించింది. కొన్ని వారాల ముందు ఆమె ఒంటిమీది కొవ్వు తీయించుకునే చికిత్స చేయించుకున్నదని పత్రికలు రాశాయి. మరుసటి ఏడు, 2016లో, హైదరాబాదులో ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ యువకుడొకడు, ఐదడుగుల ఏడంగుళాల మనిషి, ఇంకొక మూడంగుళాలు పెరగాలని ఇంట్లో చెప్పకుండా ఒక పెద్ద ఆసుపత్రిలో రెండు కాళ్ళ ఎముకలూ కోయించుకున్నాడు. కొడుకు కనపడడంలేదని వెతికిన తల్లిదండ్రులు అతణ్ణి ఆసుపత్రి మంచం మీద చూశారు. ఆ శస్త్రవైద్యుని నమోదును రెండేళ్ళపాటు నిలిపివేస్తూ తెలంగాణ వైద్యమండలి నిర్ణయం చేసింది. ఇక మూడవది: 2024 ఫిబ్రవరి 16న హైదరాబాదులోనే, పెళ్ళి కుదిరిన 28 ఏళ్ళ యువకుడు నవ్వును అందంగా తీర్చిదిద్దే చికిత్సకని దంతవైద్యశాలకు పోయి, చికిత్స మధ్యలో స్పృహతప్పి, ప్రాణంతో ఇంటికి రాలేదు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించాడు.

ఇటువంటి వార్తలు చదివినప్పుడు చదువుకున్నవాళ్ళ నోట సాధారణంగా వచ్చే మాట ఒకటే: "వేలంవెర్రి". ఈ మాట సమాధానం కాదు, ఆలోచించకుండా తప్పుకోవడానికి ఒక దారి. సినిమాలో కథానాయిక పాత్రకు నడుము ఇంత ఉండాలని నిర్ణయించిందెవరు? ఐదడుగుల ఏడంగుళాల యువకునికి తాను పొట్టివాణ్ణని ఎట్లా అనిపించింది? పెళ్ళికొడుక్కి తన నవ్వు చాలదని ఎవరు చెప్పారు? వీళ్ళు ముగ్గురూ పిచ్చివాళ్ళు కారు. తాము నిలబడిన సంతలో తమ ధర ఎట్లా కడుతున్నారో గమనించినవాళ్ళు. వాళ్ళ లెక్కలో పొరపాటు ఉండవచ్చు గాని, లెక్క వాళ్ళు కల్పించింది కాదు.

దీనికి సంప్రదాయవాదులు ఇచ్చే జవాబు వేరు. దేవుడిచ్చిన శరీరాన్ని మార్చరాదంటారు. అభ్యుదయవాదులమైన మనం కూడా, దేవుని పేరు ఎత్తకుండా, "సహజత్వం" అనే మాట వాడి అదే జవాబు చెబుతుంటాం. ఈ జవాబు నిలవదు. శరీరాన్ని దిద్దుకోవడంలోనే తప్పుంటే, మానవజాతి చేసిన గొప్ప పనుల్లో కొన్నిటిని తప్పుపట్టవలసి వస్తుంది.

1792లో టిప్పు సుల్తానుకూ ఇంగ్లీషువాళ్ళకూ మధ్య జరిగిన యుద్ధం మన జిల్లాకు పరాయిది కాదు. ఆ యుద్ధం చివర కుదిరిన సంధివల్లనే కడప టిప్పు చేతినుంచి నిజాముకు, నిజాము చేతినుంచి 1800లో కంపెనీకి పోయింది. ఆ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కొవాస్జీ అనేవాడు టిప్పు సైన్యానికి చిక్కాడు. అతని ముక్కూ ఒక చెయ్యీ కోసివేశారు. తరువాత పూణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మనిషి, అతని నుదుటి చర్మాన్ని మలిచి కొత్త ముక్కు పెట్టాడు. సుశ్రుతుని కాలంనుంచి మన దేశంలో చేతినుంచి చేతికి వచ్చిన విద్య అది. 1794లో లండన్ పత్రిక ఒకటి ఆ సంగతి బొమ్మతో సహా ప్రచురించింది. అది చదివి కార్ప్యూ అనే ఇంగ్లీషు వైద్యుడు 1814లో లండనులో అదే పద్ధతిలో శస్త్రచికిత్స చేశాడు. ఐరోపాలో ఆధునిక రూపశస్త్రవైద్యానికి అది ఒక మొదలు. యుద్ధంలో నలిగిన బండివాని ముఖమూ, ఇటుకల పనివాని చెయ్యీ కలిసి ఆ విద్యను ప్రపంచానికి అందించాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ముఖాలు చితికిపోయిన సైనికులు ఐదువేలమందికి పైగా, 1917లో ఇంగ్లండులోని సిడ్కప్‌లో తెరిచిన ఆసుపత్రిలో గిలీస్ చేత, ఆయన తోటివారి చేత ముఖాలు పెట్టించుకున్నారు. ఎముకను కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరిపి పొడిగించే పద్ధతి సోవియట్ వైద్యుడు ఇలిజారోవ్ 1950 దశకంలో సైబీరియాలోని కుర్గాన్‌లో రూపొందించింది. యుద్ధంలోనూ పనిలోనూ కాళ్ళు విరిగి కురచైపోయినవాళ్ళను నిలబెట్టడానికి పుట్టిన విద్య అది. హైదరాబాదు యువకుడు మూడంగుళాల కోసం ఆశ్రయించింది ఆ విద్యనే. విద్య మారలేదు. దానిని కొనేవాని అవసరమూ, అమ్మేవాని ఉద్దేశమూ మారాయి.

కనుక శరీరాన్ని దిద్దడం తప్పు కాదు. తప్పు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడానికి ఒక పరీక్ష కావాలి. మన ప్రభుత్వపు పన్నుల చట్టం కూడా ఒక పరీక్ష పెట్టుకున్నది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వైద్యసేవలకు పన్ను మినహాయించారు. అందచికిత్సకూ జుట్టు నాటడానికీ ఆ మినహాయింపు లేదు. పుట్టుకలోపం వల్లగాని, ఎదుగుదలలో ఏర్పడిన లోపం వల్లగాని, గాయం వల్లగాని చెడిన అవయవాన్నో దాని పనినో తిరిగి నిలబెట్టే చికిత్స ఐతే మినహాయింపు ఉన్నది. అనగా, పోయినదాన్ని తిరిగి ఇవ్వడం వైద్యం, లేనిదాన్ని చేర్చడం అలంకారం. ఇది చెడ్డ విభజన కాదు. ఐతే ఇది అవయవాన్ని చూస్తుంది గాని సమాజాన్ని చూడదు.

నేను ప్రతిపాదించే పరీక్ష ఇది: ఒకడు కోరుకుంటున్న మార్పు అందరికీ లభించిందనుకోండి. అప్పుడు దాని విలువ నిలుస్తుందా? ముక్కు కోసివేయబడినవాళ్ళందరికీ ముక్కు వచ్చినా, నా ముక్కు విలువ ఏమీ తగ్గదు. కుంటుతున్నవాళ్ళందరూ నడిచినా, నడిచేవాడికి నష్టం లేదు. కాని అందరూ మూడంగుళాలు పెరిగితే? పొట్టివాళ్ళు పోరు, కొలబద్ద మూడంగుళాలు పైకి జరుగుతుంది, అంతే. అందరి చర్మమూ తెల్లబడితే అంతకంటె తెల్లనిది అందమవుతుంది. ఇటువంటి అందం పదిమందికి లేకపోవడం మీదనే బతుకుతుంది. దాన్ని కొనుక్కున్నవాడు తృప్తిని కొనుక్కోలేదు, వరుసలో ఒక స్థానాన్ని మాత్రమే కొనుక్కున్నాడు, ఆ స్థానం కూడా రేపటికి చెల్లదు. అమ్మేవానికి కావలసింది కూడా ఇదే. ఆకలి తీరే తిండి అమ్మేవాడు కడుపు నిండినవాడికి ఇంకా అమ్మలేడు. తీరని ఆకలిని అమ్మేవాడికి ఆ బాధ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "ఎవరి శరీరం వారిష్టం. స్త్రీ తన ముఖాన్ని ఏం చేసుకోవాలో చెప్పడానికి నీవెవరు?" ఇది తేలికగా తోసివేయదగ్గ మాట కాదు. స్త్రీ శరీరం మీద తండ్రికీ భర్తకూ కులానికీ ఉన్న పెత్తనాన్ని ధిక్కరించడానికి పుట్టిన మాట ఇది. చట్టం చేసి ఆ స్వేచ్ఛను తీసివేయమని నేను అనను. ఐతే ఇష్టం అనేది ఎక్కడినుంచి వస్తుందో అడిగే హక్కు నాకు ఉన్నది. చెర్నిషెవ్‌స్కీ 1855లో తన సౌందర్యశాస్త్ర సిద్ధాంతవ్యాసంలో ఈ ప్రశ్నకే జవాబు వెదికాడు. ఒళ్ళు వంచి పనిచేసి కడుపునిండా తినే రైతుల కంటికి ఎర్రని బుగ్గలూ దిట్టమైన ఒళ్ళూ అందంగా కనిపిస్తాయనీ, తరతరాలుగా పని ఎరగని దొరల కంటికి పాలిపోయిన ముఖమూ సన్నని చేతులూ అందంగా కనిపిస్తాయనీ ఆయన వివరించాడు. ఎవరి బతుకు ఎట్లాంటిదో వారి అందం అట్లాంటిది.

మన పల్లెల్లో ఈ సూత్రం తలకిందులైంది. ఎండలో శనగచేను కోసే కూలిమనిషి తన కూతురికి ఎండ తగలని ముఖం కోరుకుంటున్నది. తన బతుకులోనుంచి పుట్టిన అందాన్ని తానే వదులుకుని, తనను పనికి పిలిచేవాళ్ళ అందాన్ని తన అందంగా నమ్ముతున్నది. 1975లో బజారులోకి వచ్చిన తెల్లపరిచే క్రీము ఈ నమ్మకాన్ని సృష్టించలేదు, ఉన్నదానిని చిన్న చిన్న గొట్టాల్లో నింపి అమ్మింది. నలభై ఐదేళ్ళ తరువాత, 2020లో, విమర్శలకు తలవంచి కంపెనీ "ఫెయిర్ అండ్ లవ్లీ" పేరును "గ్లో అండ్ లవ్లీ"గా మార్చింది. పేరులోనుంచి తెలుపు పోయింది గాని పెళ్ళిచూపుల్లోనుంచి పోలేదు.

ఇప్పుడు ఇంకొక అడుగు ముందుకు పడింది. దొరలకైనా ఆ పాలిపోయిన ముఖాలు నిజంగా ఉండేవి. ఈనాడు చేతిలోని ఫోను చూపే ముఖం ఎవరికీ లేదు. తమ ఫోటోనే ఫోనులో దిద్దుకుని, తమను ఆ బొమ్మలాగా చెయ్యమని అడిగేవాళ్ళు వస్తున్నారని శస్త్రవైద్యులు కొన్నేళ్ళుగా చెబుతున్నారు. పూర్వం పక్కింటి పిల్లతో పోల్చి తక్కువ చేసేవాళ్ళు. ఇప్పుడు పిల్లను ఆమె బొమ్మతోనే పోల్చి తక్కువ చేస్తున్నారు.

ఇంతవరకు వాదం సాఫీగానే నడిచింది. మా అమ్మాయి పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇది చాలదు.

ఆ పళ్ళమీది చారలు ఆమె తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు, పుట్టుకవీ కావు. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్ళు చిన్నతనంలో తాగడం వల్ల వచ్చినవి. శాశ్వతపళ్ళు ఇంకా చిగురులోపల తయారవుతున్న వయసులో, అనగా ఎనిమిదేళ్ళ లోపల, ఆ నీళ్ళు తాగితే పంటి పైపొర చెడిపోతుంది. తరువాత ఎంత తోమినా పోదు. మోతాదు ఎక్కువై ఏళ్ళతరబడి తాగితే ఎముకలు కూడా బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. ఈ జబ్బు ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఉన్నదని వైద్యపరిశోధకులు 1937లోనే ప్రకటించారు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఓర్చుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం చెబుతున్నది. పులివెందుల వైపు కొన్ని పల్లెల బోరునీళ్ళు ఆ హద్దు దాటి ఉన్నట్టు భూగర్భజల పరిశీలనల్లో తేలింది.

ఐతే ఆ పల్లెల్లో అందరి పళ్ళూ ఒకే విధంగా చెడలేదు. డబ్బున్న ఇళ్ళకు ఇరవై లీటర్ల క్యాన్లలో శుద్ధిచేసిన నీళ్ళు వస్తాయి. పిల్లలు చిన్నప్పటినుంచి కడపలోనో ప్రొద్దుటూరులోనో హాస్టళ్ళలో చదువుతారు. బోరు కింద బిందె పెట్టేవాళ్ళ పిల్లలకే చారలు. కనుక పెళ్ళిచూపుల్లో ఆమె నోరు చూసి పెదవి విరిచినవాళ్ళు తమకు తెలియకుండానే ఒక లెక్క చదివారు. ఈ ఇంట్లో నీళ్ళు కొనే స్తోమత లేకపోయిందని ఆ పళ్ళమీద రాసి ఉన్నది. వాళ్ళు దానిని అందవికారం అన్నారు.

ఇప్పుడు ఆమె వేయించుకోదలచిన తొడుగులు పన్నుల చట్టం లెక్కలో వైద్యమా, అలంకారమా? నా పరీక్ష ప్రకారం చూస్తే, అందరి పళ్ళూ బాగుపడినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు గనుక అది వైద్యమే. ఐతే ఆమెకు అది అవసరమైంది నమలడానికి కాదు, పెళ్ళిసంతలో నిలబడడానికి. రెండూ నిజమే. సంఘం చేసిన గాయాన్ని సంఘమే వెక్కిరిస్తే, ఆ వెక్కిరింత తప్పించుకోవడానికి ఆమె అప్పు చేస్తున్నది. అటువంటి మనిషి ముందు నిలబడి "అందం మనసులో ఉంటుందమ్మా" అనడం, దెబ్బతిన్నవాడికి ఓర్పును గురించి ఉపన్యాసం ఇవ్వడం వంటిది. దెబ్బ కొట్టినవాళ్ళలో ఉపన్యాసకుడు కూడా ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాలుగేళ్ళ కిందట మా తమ్మునికి సంబంధాలు చూస్తున్నాము. ఒక పల్లెకు పోయాము. పిల్ల డిగ్రీ చదివింది, మర్యాదగా మాట్లాడింది, మా తమ్మునికి కూడా ఇష్టమైనట్టే కనిపించింది. తిరిగివచ్చే దారిలో మా పిన్నమ్మ, "అంతా బాగుంది గాని, గారపండ్లు" అన్నది. ఎవరూ మాట్లాడలేదు. ఆ కారులో ఉన్నవాళ్ళలో సాహిత్యంలో ఎం.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. సౌందర్యానికీ వర్గానికీ గల సంబంధం మీద అప్పటికే సభల్లో మాట్లాడి ఉన్నాను. ఆ రోజు మాత్రం కిటికీలోనుంచి చేలు చూస్తూ కూర్చున్నాను. నేను కాదనలేదు, ఔననీ అనలేదు. ఆ మౌనం చాలు, సంబంధం పోయింది. ఆ ఇంటివాళ్ళు తరువాత ఏ దంతవైద్యుని దగ్గరికి పోయారో, ఎంత అప్పు చేశారో నాకు తెలియదు. అడగనూ లేదు.

కనుక, రూపం మార్చుకోవడం తప్పా అనే ప్రశ్నకు నేను ఇప్పుడిచ్చే జవాబు ఇది. తప్పును వెదకవలసింది కత్తికింద పడుకున్నవాళ్ళ దగ్గర కాదు. వాళ్ళలో కొందరు మోసపోయినవాళ్ళు, కొందరు గాయపడినవాళ్ళు, కొందరు కేవలం ముస్తాబు ఇష్టమైనవాళ్ళు. ముస్తాబు నేరం కాదు. తప్పు కొలబద్దను పట్టుకున్న చేతుల్లో ఉన్నది. ఆ చేతులు కంపెనీలవీ సినిమాలవీ మాత్రమే అని రాయడం మనకు అలవాటు. అది నిజమేగాని సగం నిజం. కంపెనీ చేతిని మనం ఒక వ్యాసంతో పట్టుకోలేము. పెళ్ళిచూపులకు పోయివచ్చే కారులో మన చేతిని మనం పట్టుకోవచ్చు. అక్కడ మాట్లాడనివాడు ఇక్కడ రాసినదానికి విలువ తక్కువ.

మా అమ్మాయి తొడుగులు వేయించుకున్నది. వాళ్ళ నాన్న రెండు పొట్టేళ్ళు అమ్మాడు, మిగతాది అప్పు. ఇప్పుడు తరగతిలో కొంగు అడ్డం లేకుండా నవ్వుతున్నది. ఆ నవ్వు చూసి నాకు సంతోషమే కలిగింది, ఆ సంతోషాన్ని శంకించే పని పెట్టుకోలేదు. మొన్న ఒకరోజు వాళ్ళ అన్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వాడికి నాలుగేళ్ళు. నోటినిండా తెల్లని పాలపళ్ళు. ఏ నీళ్ళు తాగుతారమ్మా అని అడిగాను. "బోరు నీళ్ళే సార్" అన్నది.

ఆ పిల్లవాని శాశ్వతపళ్ళు ఇప్పుడు చిగురులోపల తయారవుతున్నాయి. ఆ బోరునీళ్ళను పరీక్ష చేయించడానికి ఒక సీసా చాలు. వచ్చే ఆదివారం నేనూ, మా తరగతి పిల్లలు నలుగురూ ఆ పల్లెకు పోతున్నాము. మన సంఘం శాఖలున్న ప్రతి మండలంలోనూ ఎవరో ఒకరు ఇట్లా ఒక సీసా పట్టుకుని పోవాలని కోరుతున్నాను. సౌందర్యశాస్త్రాన్ని గురించి చర్చించుకోవడానికి తరువాత చాలా తీరిక ఉంటుంది.